పాటలో లేని మాట

కిందటి వారం ఇదే పేజీలో మిమ్మల్ని చీకట్లో కూర్చోబెట్టి వదిలేశాను. హాల్లో దీపాలు ఆరిపోయాయి, తెర లేవబోతోంది, నా పక్క సీట్లో మా తమ్ముడు ఫోను చూసుకుంటున్నాడు. నిజానికి ఆ సీటు నా చిన్ననాటి స్నేహితురాలు పొడుగమ్మాయిది. ఆవిడ మెట్ల మీద జారి, కాలికి కట్టు కట్టించుకుని ఇంట్లో పడి ఉంది. టికెట్టు వృథా చేయడం ఇష్టంలేక తమ్ముణ్ణి లాక్కొచ్చాను. వాడు లిఫ్టులు బాగుచేసే మెకానిక్కు. "విరామం దాకా కూర్చుంటానక్కా, ఆ తర్వాత ఎక్కడో లిఫ్టు ఆగిపోయిందని వెళ్లిపోతా" అని ముందే చెప్పి మరీ వచ్చాడు. ఎక్కడో ఒకచోట ఏదో ఒక లిఫ్టు ఎప్పుడూ ఆగిపోయే ఉంటుంది కాబట్టి వాడికి అబద్ధం ఆడాల్సిన అవసరం కూడా ఉండదు.

ఇక తెర వెనక ఉన్నది గొడుగులవాళ్లు. మేం చదువుకునే రోజుల్లో ఈ ఊరిని ఊపేసిన పాటల బృందం. నలుగురు మగవాళ్లు, కీబోర్డు దగ్గర ఒకావిడ. వాళ్ల మొదటి కచేరీ ఆరుబయట జరిగిందట. వాన పట్టుకుంటే జనం గొడుగులు వేసుకుని కదలకుండా నిలబడి విన్నారట. ఆ పేరే ఖాయమైపోయింది. తర్వాత ఎందుకో విడిపోయారు. ఎవరి దారిన వాళ్లు వెళ్లారు. ఇన్నేళ్లకు మళ్లీ కలిసి, ఈ ఆదివారం మధ్యాహ్నం మా ముందుకు వస్తున్నారు. మధ్యాహ్నమే ఎందుకంటే, పాడేవాళ్లూ వినేవాళ్లూ కూడా పెందరాళే పడుకునే వయసుకు వచ్చేశారు మరి.

తెర లేచింది.

మొదట కనిపించింది డ్రమ్ములాయన. ఒకప్పుడు జుట్టు ఎగరేస్తూ వాయించినవాడు, ఇప్పుడు నడుముకు వెడల్పాటి బెల్టు బిగించుకుని, వెనక దిండు పెట్టుకుని కూర్చున్నాడు. గిటారాయన కళ్లజోడు ముక్కు మీదికి జారింది. కీబోర్డావిడ మాత్రం జుట్టు తెల్లబడిందన్న మాటే గానీ అప్పటి ఫొటోలో ఉన్నట్టే ఉంది. అందరికంటే ముందు నిలబడ్డ గాయకుడికి పొట్ట వచ్చింది. వస్తే వచ్చింది గానీ, నోరు తెరిచి మొదటి మాట పాడాడో లేదో, హాలంతా ఒక్కసారి లేచి నిలబడింది. చాలామంది మోకాళ్లు పట్టుకుని నిలబడ్డారు. అది వేరే సంగతి.

నాది కళ్లజోళ్ల షాపు. ఈ ఊరు తిరిగి వచ్చి షాపు పెట్టాక ఇక్కడ నడివయసు దాటినవాళ్లలో సగం మంది చూపు నా చేతుల మీదుగానే వెళ్లింది. హాల్లో ఎటు చూసినా నా గిరాకీలే. ముందు వరసలో బట్టతలాయన ఫోను బారెడు దూరం పెట్టి ఫొటోలు తీస్తున్నాడు. దగ్గర చూపుకి జోడు పెట్టుకోండి మహానుభావా అని ఎన్నిసార్లు చెప్పానో! పక్క వరసలో బ్యాంకు మేనేజరమ్మ, నా దగ్గరికొస్తే ఫ్రేము మీద చిన్న గీత ఉన్నా గొడవ పెట్టుకునే మనిషి, రెండు వేళ్లు నోట్లో పెట్టుకుని ఈల వేస్తోంది. ఆవిడకు ఈల వచ్చని నాకు తెలీదు. బహుశా ఆవిడకే గుర్తులేదేమో.

పాట వినాలంటే ఇంట్లో ఫోను చాలు. కూర్చున్న చోటునుంచి కదలక్కర్లేదు, ఆటో ఎక్కక్కర్లేదు. మరి ఇంత శ్రమ దేనికని మావారు పొద్దున అడిగారు. అప్పుడు జవాబు తోచలేదు. హాల్లో కూర్చున్నాక తోచింది. నా చిన్నప్పుడు గొడుగులవాళ్లు ఇదే ఊళ్లో పాడితే టికెట్టు కొనే స్తోమత లేక, పొడుగమ్మాయీ నేనూ ప్రహరీగోడ బయట నిలబడి విన్నాం. అది పొడుగు కాబట్టి గోడ మీదుగా చూసేది. నేను పొట్టి కాబట్టి దాని నోటి మీద ఆధారపడేదాన్ని. "ఇప్పుడాయన చొక్కా చేతులు మడుస్తున్నాడే" అనేది. "ఇప్పుడు కళ్లు మూసుకున్నాడే" అనేది. గోడకు చెవి ఆనించి, ఇటుక రంగు చెంపకు అంటించుకుని, నేను అన్నీ ఊహించుకునేదాన్ని. గోడ అవతల ఏముందో చూడని ఆ పిల్ల నాలో ఎక్కడో మిగిలిపోయింది. ఇవాళ దానికి టికెట్టు కొనిపెట్టాను, అంతే. మూడో పాటకి గాయకుడు చొక్కా చేతులు మడిచాడు. నేను నా కళ్లతో చూశాను. ఎవరికి చెప్పాలో తెలీక మనసులోనే దణ్ణం పెట్టుకున్నాను.

"అక్కా, ఏడుస్తున్నావా?" అన్నాడు తమ్ముడు ఫోనులోంచి తలెత్తి.

"లేదురా, దుమ్ము."

"ఏసీ హాల్లో దుమ్మేంటి?" అని మళ్లీ ఫోనులో పడ్డాడు.

వాణ్ణి అనడానికి లేదు. గొడుగులవాళ్లు విడిపోయేనాటికి వాడు అక్షరాలు దిద్దుకుంటున్నాడు. పైగా ఈ ఊళ్లో పెరగలేదు. వాడికి నడక రాకముందే అమ్మ జ్వరంతో మంచం పట్టి, మరి లేవలేదు. నాన్న వాణ్ణి మా మేనత్త దగ్గర ఉంచి, నన్ను వేరే ఊళ్లో హాస్టల్లో వేసి, తను ఉద్యోగం మార్పించుకుని వెళ్లిపోయారు. అక్కాతమ్ముళ్లం సెలవులకే కలుసుకునేవాళ్లం. కలిసినప్పుడల్లా వాడు నన్ను ఒకే ప్రశ్న అడిగేవాడు. అమ్మ మొహం గురించి కాదు. మొహానికి ఫొటో ఉంది. "అమ్మ గొంతు ఎలా ఉండేదక్కా?" అనేవాడు.

గొంతు ఎలా ఉండేదో ఎలా చెప్తాం? "బావుండేదిరా" అనేదాన్ని. "కొంచెం బొంగురుగా" అనేదాన్ని. ఒకసారి అమ్మలా మాట్లాడి చూపించబోతే నా గొంతే వచ్చింది. పెళ్లయి, ఇద్దరు పిల్లల తండ్రయ్యాక కూడా వాడు ఈమధ్యే మళ్లీ అడిగాడు, నా షాపులో కూర్చుని, చూపు పరీక్ష చేయించుకుంటూ. నాతో ఎప్పుడైనా ఏమైనా మాట్లాడేదా అక్కా, అని. పసిపిల్లాడితో ఏ తల్లయినా మాట్లాడుతూనే ఉంటుందిగా అన్నాను. "అది కాదు, నాతో" అన్నాడు. ఆ రెండు మాటలకీ తేడా నాకు తెలుసు. వాడికి కావలసింది ఇవ్వడానికి నా దగ్గర ఏమీ లేదు.

వేదిక మీద గాయకుడు నీళ్లు తాగి, "ఇప్పుడు ఆఖరి బస్సు" అన్నాడు.

హాలు పైకప్పు ఎగిరిపోతుందేమో అనిపించింది. గొడుగులవాళ్ల పాటలన్నిటిలోకీ ఈ ఊరికి ప్రాణం ఆ పాటే. ఆఖరి బస్సు వెళ్లిపోయాక కూడా స్టాపులో నిలబడి ఎదురుచూసే ఒకడి పాట అది. రెండో చరణం తర్వాత వాయిద్యాలన్నీ ఆగిపోతాయి. ఊపిరి బిగబట్టి ఉండగలిగినంతసేపు నిశ్శబ్దం. ఆ తర్వాత ఒక్క గిటారు మెల్లగా మొదలై, పాట మళ్లీ అందుకుంటుంది.

రెండో చరణం అయింది. వాయిద్యాలు ఆగాయి. గాయకుడు కళ్లు మూసుకున్నాడు.

"టింగ్ టాంగ్!" అంది హాలంతా.

గాయకుడు కళ్లు తెరిచాడు.

"ఎవరూ? తలుపు తీసే ఉంది, రండి!" అన్నారు కొన్ని వందల మంది ఒక్క గొంతుతో. వెంటనే అందరూ కలిసి పసిపిల్లాడిలా కిలకిలా నవ్వారు. నవ్వి, మళ్లీ ఒక్కసారిగా, "నవ్వకురా నాన్నా, అక్క తిడుతుంది!" అన్నారు.

చప్పట్లు, ఈలలు. ఒకరినొకరు కావలించుకుంటున్నారు. గిటారాయన వేళ్లు తీగల మీదే బిగుసుకుపోయాయి. గాయకుడు చెయ్యెత్తి అందరినీ ఆపాడు.

"ఒక్క నిమిషం. ఏమిటండీ అది?"

బట్టతలాయన లేచాడు. "పాటే కదండీ సార్."

"పాటలో ఆ మాటలు లేవు."

"ఉన్నాయి సార్."

"నేను రాశానయ్యా ఆ పాట!"

"రాశారు సార్, ఎవరు కాదన్నారు? కానీ ఉన్నాయి."

హాలు గొల్లుమంది. గాయకుడు నోరెళ్లబెట్టి కీబోర్డావిడ వైపు చూశాడు. ఆవిడ కీబోర్డు మీద తల వాల్చి నవ్వు ఆపుకోలేక అల్లాడుతోంది. ఇటు బ్యాంకు మేనేజరమ్మ లేచి, ఫిర్యాదు చేస్తున్నట్టే, "ఇప్పుడు ఫోన్లో వచ్చేదాంట్లో తీసేశారండీ. మా పాత క్యాసెట్లో శుభ్రంగా ఉండేది. అసలు ముక్క కత్తిరించి వినిపిస్తే ఎలాగండీ?" అని నిలదీసింది.

"ఎవరావిడ? ఆ మాటలనేది ఎవరు?" అన్నాడు గాయకుడు.

"మీ ఆవిడేమో అనుకున్నాం సార్" అన్నాడు బట్టతలాయన. "ఇంట్లోనే రికార్డు చేసుంటారు, బాబు నవ్వుంటాడు, బావుందని ఉంచేసుంటారు అని."

"నాకు అసలు పెళ్లే కాలేదండీ!"

"అయ్యో!" అంది హాలంతా, మనస్ఫూర్తిగా.

"పిచ్చి జనంరా బాబూ" అని తమ్ముడు మొదటిసారి ఫోను జేబులో పెట్టి నవ్వాడు. నవ్వుతూ నా వైపు తిరిగాడు. నవ్వు ఆగిపోయింది. "అక్కా? అక్కా, ఏమైంది? బీపీ మాత్ర వేసుకున్నావా?"

అమ్మ 'నాన్నా' అనేటప్పుడు చివర కాస్త సాగదీసేది, సాగదీసి కొంచెం పైకి లేపేది. ఇన్నేళ్లు నేను వాడికి చేసి చూపించలేకపోయింది అదే. ఆ హాల్లో వందల మంది, మా అమ్మను ఎన్నడూ చూడనివాళ్లు, సరిగ్గా అక్కడే సాగదీశారు. సరిగ్గా అంతే లేపారు.

"ఒరేయ్, అది అమ్మరా" అన్నాను.

"ఏది?"

"ఇప్పుడు వీళ్లందరూ అన్నది. అది అమ్మ మాట."

తమ్ముడు నన్ను ఎలా చూశాడంటే, లిఫ్టులో ఇరుక్కుని కంగారుపడిపోయిన మనిషిని చూసినట్టు చూశాడు. చెయ్యి పట్టుకుని, "ముందు కూర్చో. నీళ్లు తాగు" అన్నాడు. నేను వాడి చెయ్యి విదిలించుకుని చెప్పడం మొదలుపెట్టాను. ఎక్కడ మొదలుపెట్టానో, ఏ వరసలో చెప్పానో నాకు తెలీదు. చెప్పింది మాత్రం ఇది.

గొడుగులవాళ్ల క్యాసెట్టు మా వీధిలో ఒక్క ఇంట్లోనే ఉండేది. ఒక పూట అరువడిగి తెచ్చాను. కాపీ చేసుకోవాలంటే అప్పట్లో మాకు తెలిసిన పద్ధతి ఒక్కటే. రెండు టేప్‌రికార్డర్లు మంచం మీద ఎదురెదురుగా పెట్టాలి. చుట్టూ దిండ్లు పేర్చాలి. ఒకదాంట్లో పాట పెట్టి, రెండోదాంట్లో రికార్డు బటన్ నొక్కి, ఊపిరి కూడా మెల్లగా పీల్చుకోవాలి. ఎవరు తుమ్మినా ఆ తుమ్ము కూడా పాటలో కలిసిపోతుంది. అందుకని ఇంట్లో అందరికీ ముందే హెచ్చరిక జారీ చేశాను. ఆఖరి బస్సులో నిశ్శబ్దం వచ్చే చోట, కావాలని చేసినట్టు, పక్కింటావిడ కత్తెర కోసం వచ్చి బెల్లు కొట్టింది. అమ్మ తమ్ముణ్ణి చంకనెత్తుకుని, నేను పెట్టిన హెచ్చరిక మరచిపోయి, గట్టిగా "ఎవరూ?" అంది. నేను కళ్లెర్రజేసి చూసేసరికి వీడికి నవ్వొచ్చింది. అప్పుడు అమ్మ వీణ్ణి ఊరుకోబెడుతూ ఆ మాటంది. నేను మొహం గంటు పెట్టుకుని విసవిసా వెళ్లి, పక్కింటావిడ చేతికి కత్తెరిచ్చి, గుమ్మం తలుపు వేసి వచ్చాను.

"ఆ క్యాసెట్టేమైంది?" అన్నాడు తమ్ముడు. వాడి గొంతు మారింది.

"పొడుగమ్మాయి వింటానని పట్టుకెళ్లింది. వాళ్లన్నయ్యకి పాటల కొట్టు ఉండేది. అమ్మ పోయాక వెళ్లి అడిగితే, ఎక్కడో పోయిందే అని చెప్పింది. మేం ఊరు వదిలేశాం. దాన్నుంచి వాళ్లన్నయ్య ఊరందరికీ కాపీలు చేసి అమ్మాడని నాకు ఈ క్షణం దాకా తెలీదురా. ఒట్టు."

"నాకెందుకు చెప్పలేదు?"

"ఏం చెప్పను? పోయిన క్యాసెట్టు గురించి చెప్పి నిన్ను ఇంకా ఏడిపించనా?"

"ఉండేదని చెప్పాల్సింది!" గట్టిగా అనేశాడు. ముందు వరసలవాళ్లు వెనక్కి తిరిగారు. వాడు పట్టించుకోలేదు. "ఎన్నిసార్లు అడిగానక్కా! నాతో ఏమైనా మాట్లాడేదా అని ఎన్నిసార్లు అడిగాను! బ్యాంకామెకు తెలుసు, ఆ బట్టతలాయనకు తెలుసు, ఈలలేసే ప్రతివాడికీ తెలుసు మా అమ్మ గొంతు. నాకు తప్ప ఊరందరికీ తెలుసు!"

వాడు చిన్నప్పటినుంచీ ఎవరి మీదా గొంతు లేపడు. మేనత్త ఇంట్లో పెరిగిన పిల్లాడికి గొంతు లేపే అలవాటు ఎక్కణ్ణుంచి వస్తుంది? ఆ కోపం నన్నేమీ బాధపెట్టలేదు. నా మీద ఆ మాత్రం చనువు తీసుకున్నందుకు సంతోషమే వేసింది. వాడి భుజం మీద చెయ్యేసి, చెవి దగ్గర నోరు పెట్టి, "'అక్క తిడుతుంది' అందిగా, ఆ అక్కను నేను. ఆ 'నాన్నా' ఎవరనుకున్నావురా?" అన్నాను.

వేదిక మీద గాయకుడు ఇంకా మైకులో అడుగుతూనే ఉన్నాడు, "అయితే ఆవిడెవరో మీలో ఎవరికీ తెలీదన్నమాట" అని.

మా తమ్ముడు, పెళ్లి ఫొటోలో కూడా వెనక్కి జరిగి నిలబడ్డ మనిషి, లేచి నిలబడ్డాడు.

"మా అమ్మండీ" అన్నాడు. వినబడలేదు. మళ్లీ అన్నాడు. "ఆవిడ మా అమ్మ. ఆ నవ్విన పిల్లాణ్ణి నేను."

ముందు ఎవరో నవ్వబోయి ఆగిపోయారు. హాలు మొత్తం మా వైపు తిరిగింది. నేనూ లేచి వాడి పక్కన నిలబడ్డాను. నా గిరాకీలు నన్ను గుర్తుపట్టారు. "కళ్లజోళ్ల మేడమ్!" అన్నారెవరో. "ఆ అక్క ఈవిడేనా!" అంది బ్యాంకు మేనేజరమ్మ. ఆ కంగారులో నేను తలూపాను. ఆవిడ రెండు చేతులూ నోటికి అడ్డం పెట్టుకుంది.

గాయకుడు వేదిక అంచు దాకా వచ్చాడు. "అమ్మగారు వచ్చారా బాబూ?" అని అడిగాడు.

"లేరండీ. నాకు నడక రాకముందే పోయారు. ఆవిడ గొంతు నేనెప్పుడూ వినలేదు. ఇప్పుడు మీరందరూ అంటుంటే విన్నాను." అక్కడికి ఆగుతాడనుకున్నాను. వాడు హాలు నాలుగువైపులా తిరిగి, "ఎవరి దగ్గరైనా ఆ క్యాసెట్టు ఉందాండీ?" అని అడిగాడు.

అంతసేపు గోల చేసినవాళ్లు ఒకరి మొహాలొకరు చూసుకున్నారు. ఇల్లు మారినప్పుడు పారేశామన్నారొకరు. టేపు చుట్టుకుపోయి తెగిపోయిందన్నారు ఇంకొకరు. "పిల్లలు రిబ్బను లాగి ఆడుకున్నారయ్యా" అని బట్టతలాయన తనే నేరం చేసినట్టు తల దించుకున్నాడు. పాట అందరి నోళ్లలోనూ భద్రంగా ఉంది. క్యాసెట్టు ఒక్కరి దగ్గరా లేదు. తమ్ముడు మెల్లగా కూర్చోబోయాడు.

"నా దగ్గరుంది."

చివరి వరసలోంచి ఒక సన్నటి పెద్దావిడ లేచింది. ఊళ్లో అందరికీ తెలిసిన మనిషే, డ్రైవింగ్ నేర్పే మేడమ్. సగం ఊరికి స్టీరింగు పట్టడం నేర్పింది, మిగతా సగాన్ని తిట్టింది. "నా దగ్గరంటే నా కార్లో ఉంది. టేపులో ఇరుక్కుపోయింది, బయటికి రాదు. కొన్నప్పుడే ఉంది. పాటల కొట్టాయన దగ్గర కొన్నాలే ఆ కారు. తాళం తిప్పితే పాట మొదలు, ఆపాలంటే తాళం తీయాల్సిందే. నేర్పేటప్పుడు నేను అరవాలి కాబట్టి సౌండు తగ్గించి ఉంచుతా. బయటే పెట్టాను."

పాటల కొట్టాయన కారు. పొడుగమ్మాయి నాతో అబద్ధమాడలేదు. క్యాసెట్టు పోయింది వాళ్లన్నయ్య కార్లోకి! ఊరందరివీ కాపీలు. ఆ కార్లో ఉన్నది మంచం మీద దిండ్ల మధ్య నేను చేసిన అసలుది.

తమ్ముడు అప్పుడే పరిగెత్తబోయాడు. గాయకుడు ఆపాడు. "బాబూ, ఒక్క పాట. ఒక్కటే. సగంలో ఆపేశాం. ఈసారి మీ ఊరి పాట పాడతాం, ఉండండి" అన్నాడు. కీబోర్డావిడ వైపు తిరిగి ఏదో చెప్పాడు.

మళ్లీ మొదటినుంచీ పాడారు. రెండో చరణం తర్వాత నిశ్శబ్దం వచ్చింది. కీబోర్డావిడ రెండు వేళ్లతో బెల్లు మోగించింది. ఈసారి ఎవరూ అరవలేదు. నిద్రపోతున్న పిల్లాణ్ణి లేపకూడదన్నట్టు, హాలంతా మెల్లగా, "నవ్వకురా నాన్నా, అక్క తిడుతుంది" అంది. డ్రమ్ములాయన కళ్లు తుడుచుకున్నాడు. నేను ఆ జనాన్ని చూస్తూ నిలబడ్డాను. వాళ్లకు తెలీకుండానే మా అమ్మను ఇన్నేళ్లు నోట్లో పెట్టుకుని కాపాడారు. వంటిళ్లలో, బస్సుల్లో, స్నానాల గదుల్లో అనుకుని ఉంటారు. ప్రేమించినవాళ్లతో అనుకుని ఉంటారు. వాళ్లకు నేను ఎంత రుణపడ్డానో చెప్పడానికి నాకు మాటలు రావు. బతికున్నన్నాళ్లూ ఈ ఊరివాళ్ల కళ్లు జాగ్రత్తగా చూసుకోవడం తప్ప నేను చేయగలిగింది లేదు.

విరామం ఇచ్చారు. మేం ముగ్గురం బయటికొచ్చాం. ఎండ ఇంకా తగ్గలేదు. కార్ల వరస చివర, మీద 'నేర్చుకుంటున్నారు, దూరంగా ఉండండి' అని బోర్డు తగిలించుకుని, వెలిసిపోయిన నీలం కారు ఉంది. మేడమ్ తలుపు తీసింది. తమ్ముడు డ్రైవరు సీట్లో కూర్చున్నాడు. నేను పక్క సీట్లో, ఆవిడ రోజూ కూర్చునే చోట, కాళ్ల దగ్గర రెండో బ్రేకు తగులుతుంటే ఒదిగి కూర్చున్నాను.

"స్పీకరు ఒక్కటే పనిచేస్తుందయ్యా, అదిగో, నీ వైపు తలుపులో కింద" అంది మేడమ్ కిటికీలోంచి. "ఇంకో మాట. ఆవిడ 'అక్క తిడుతుంది' అన్నాక కూడా ఏదో గుసగుస ఉంది. గిటారు కింద, సన్నగా. ఎన్నేళ్లు విన్నా నాకు ముక్క అర్థం కాలేదు. ఇంజను రొదలో ఏం వినబడుతుంది?"

గుసగుస! నాకు అది తెలీదు. నేను అప్పుడు గుమ్మం దగ్గర పక్కింటావిడకి కత్తెరిస్తున్నాను. గదిలో ఉన్నది అమ్మా, వీడూ, తిరుగుతున్న టేపూ.

"ఇంజను అక్కర్లేదండీ" అన్నాడు తమ్ముడు. మెకానిక్కు కదా, తాళం సగం దాకా మాత్రం తిప్పాడు. ఇంజను కదల్లేదు. డాష్‌బోర్డులో చిన్న ఎర్ర దీపం వెలిగింది. సరసరమని టేపు శబ్దం. అది ఎక్కడ ఆగి ఉందో అక్కణ్ణుంచి వేరే పాట తోక వచ్చింది, ఆ తర్వాత ఆఖరి బస్సు మొదలైంది. తమ్ముడు తలుపు వైపు వంగి, స్పీకరుకు చెవి ఆనించాడు. వాడి వీపు తప్ప నాకేమీ కనబడటం లేదు.

మొదటి చరణం. రెండో చరణం. నిశ్శబ్దం.

మా ఇంటి బెల్లు మోగింది. "ఎవరూ? తలుపు తీసే ఉంది, రండి!" అంది మా అమ్మ.

నేను రెండు చేతులతో మొహం కప్పుకున్నాను. ఒక పసివాడు కిలకిలా నవ్వాడు. "నవ్వకురా నాన్నా, అక్క తిడుతుంది" అంది అమ్మ. బొంగురు గొంతే. నేను మరచిపోలేదు, సరిగ్గానే చెప్పాను వాడికి. ఆ తర్వాత గిటారు వచ్చింది. దాని కింద ఏదో ఉంది. నా వైపుకి గాలి కదిలినట్టు తప్ప మాట అందడం లేదు. తమ్ముడి వీపు బిగుసుకుంది. ఒక చెయ్యి వెనక్కి చాపి నన్ను కదలొద్దన్నాడు. గిటారు పెద్దదై, మిగతా వాయిద్యాలు వచ్చి పడి, గుసగుస మునిగిపోయింది.

వాడు తాళం తీసేశాడు. మెల్లగా లేచి కూర్చున్నాడు. మొహమంతా తడి. ఆ తడి మధ్య, వాడి మొహం మీద నేను ఎన్నడూ చూడని నవ్వు. మా ఫొటోలో అమ్మ చంకన ఉన్న పిల్లాడి నవ్వు.

"వినబడిందా?" అన్నాను.

తలూపాడు.

"అన్నీ?"

"అన్నీ. నాతోనే అక్కా. నన్ను పేరు పెట్టి పిలిచి మరీ అంది."

"ఏమందిరా?"

వాడు నా చెయ్యి తీసుకుని రెండు చేతుల మధ్య పెట్టుకున్నాడు.

"నీకు చెప్పొద్దంది" అన్నాడు.